నీలహంస ఆగిన రోజు

మధ్యాహ్నం నీలహంస కూత వినపడగానే ఊళ్ళో ఆడవాళ్ళు మేడల మీదికి పరుగెత్తి ఆరేసిన బట్టలూ, వడియాలూ లోపల పెట్టేసుకుంటారు. లేకపోతే మసి పడుతుంది. పాత రైలు గేటు ఉన్నచోట మోటారుసైకిళ్ళు ఆగుతాయి. ఫోన్లు చూసుకునేవాళ్ళు తల ఎత్తకుండానే ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పులస చేపలా కోసైన ముక్కున్న ఆ నీలం ఆవిరింజను, ఖాళీ పెట్టెల్ని లాక్కుంటూ, పట్టాలు ఎప్పుడో పీకేసిన గట్టుమీద దూసుకుపోతుంది. రాజమండ్రికీ విశాఖపట్నానికీ మధ్య తిరిగే ఆ బండిని రద్దుచేసి చాలా ఏళ్ళయింది. రావడం మాత్రం మానలేదు.

సూర్యకళ ఆ వేళకి పొలం పని ఆపి గట్టు పక్కన నిలబడుతుంది. చేతిలో అరిటాకులో కట్టిన అన్నం మూట ఉంటుంది. ఇంజను దగ్గరికి రాగానే గురిచూసి విసురుతుంది. లోపలినుంచి ఓ నల్లటి చెయ్యి అందుకుంటుంది. ఆ చెయ్యి ఆమె తాత అప్పాజీది.

అప్పాజీ నీలహంసలో ఫైర్‌మన్. పొయ్యిలో బొగ్గు వెయ్యడం ఆయన పని. ఇంజను మీద ఉన్నవాడు తన పార ఇంకొకడి చేతిలో పెట్టకుండా దిగకూడదు. దాన్నే రిలీఫ్ అంటారు. బండి రద్దుచేసిన రోజు దాన్ని నడిపే సర్కారు తీర రైలు కంపెనీ వాళ్ళు డ్రైవరుకి రిలీఫ్ ఇచ్చారు, గార్డుకిచ్చారు, ఆఖరికి పెట్టెలు ఊడ్చేవాడికీ ఇచ్చారు. ఫైర్‌మన్‌ని మర్చిపోయారు. రిలీఫ్ రాలేదు కాబట్టి ఆయన దిగలేదు. పొయ్యి ఆరలేదు కాబట్టి బండి ఆగలేదు.

ఆయన భార్య పేరు చిన్నమ్మాయి. ఆమె పెళ్ళయిన కొత్తలోనే గట్టు పక్కకి చేరింది. కొడుకుని చంకనేసుకుని అన్నం విసిరింది, మనవరాలు సూర్యకళని వెంటబెట్టుకుని విసిరింది. ఒకసారి ఎర్రచీర విప్పి ఊపింది. కంపెనీ జెండా తప్ప ఇంకేదీ ఆ బండిని ఆపదు. జెండా ఇమ్మని కాకినాడ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే, "మీ ఊళ్ళో బండి ఆపే వీల్లేదమ్మా" అన్నారు. పోనీ ఎవరినైనా పంపండంటే, "ఫైర్‌మన్ ఉద్యోగమే తీసేశాం, రిలీఫ్‌కి ఎవర్ని పంపమంటావు?" అని నవ్వారు. పోయిన కార్తీకంలో చిన్నమ్మాయి పోయింది. విసిరే చెయ్యి మారిందని తాతకి తెలియదు. ఆ వేగంలో ఆయనకి అన్నం మూట తప్ప మనిషి కనపడదు.

అప్పట్నుంచీ సూర్యకళకి ఒళ్ళంతా మంటే. పలకరించినవాళ్ళ మీదా, పలకరించనివాళ్ళ మీదా అరిచేది.

ఈ మాఘంలో కంపెనీ వాళ్ళు నీలహంస చరిత్ర చెప్పే సభ పెట్టారు, అదీ సూర్యకళ ఊళ్ళోనే. గట్టు పక్కన షామియానా వేశారు. కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన జోగేశ్వరరావుగారు తెల్లకోటు వేసుకుని మైకు పట్టుకున్నారు.

"గాలిని కోసుకుపోవాలని ఇంజను మొత్తానికి రేకు తొడుగు వేశారండీ! ఎంత అందం! భోజనాల పెట్టెలో వెండి చెంచాలండీ! ఆ బండిలో ఒక్కరోజు పనిచేసినా జన్మ ధన్యమైపోయేది!"

"ఆ రేకు తొడుగు లోపల మనిషి ఉడికిపోతున్నాడండీ!" సూర్యకళ కుర్చీలోంచి లేచి అరిచింది. "అది చెప్పరేంటి?"

"కూర్చోమ్మా, ప్రశ్నలు చివర్లో," అన్నారాయన.

కూత వినపడింది. కంపెనీ మనిషొకడు గట్టెక్కి ఎర్రజెండా చూపించాడు. నీలహంస బుస్సుమంటూ వచ్చి ఆగింది. అంతే. ఒక్క జెండా ముక్క. దానికోసం మామ్మ చచ్చిపోయేదాకా తిరిగింది. ఇప్పుడు ఫొటోల కోసం ఆపారు. సూర్యకళ ఎవడి పీక పట్టుకోవాలో తెలియక ఇంజను దగ్గరికి పరుగెత్తింది.

"తాతా! దిగు! ఆగింది, దిగు!"

లోపల తాత బండి ఎక్కిన నాటి వయసులోనే ఉన్నాడు, ఆమె కొడుకంత వాడు. ముఖమంతా బొగ్గు, కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. "రిలీఫ్ ఏడమ్మా?" అన్నాడు, పార వదలకుండా.

"నేనొస్తున్నా. నాకిచ్చెయ్." ఆమె చీర కుచ్చిళ్ళు బిగించి మెట్టుమీద కాలుపెట్టింది. ఇల్లూ, పిల్లలూ, కోతకొచ్చిన చేనూ, ఏదీ గుర్తురాలేదు.

ఎవరో రెక్కపట్టుకుని కిందికి లాగారు. "తప్పుకోమ్మా! ముందు సార్‌ ఫొటో!"

జోగేశ్వరరావుగారు కోటు సర్దుకుంటూ ఎక్కారు. కెమెరా వైపు తిరిగి నవ్వి, అప్పాజీ ముందుకి చెయ్యి చాపారు. "ఆ పార ఇలా ఇవ్వవయ్యా."

అప్పాజీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. కంపెనీ మనిషే. అడిగాడు కూడా. "మంట బాగుందండి. నీళ్ళు సగం ఉన్నాయండి," అని పద్ధతి ప్రకారం అప్పగించి, పార ఆయన చేతిలో పెట్టి దిగేశాడు.

ఎవరూ పచ్చజెండా ఊపలేదు. నీలహంస కదిలింది. "ఆపండి! నేను దిగాలి!" అని జోగేశ్వరరావుగారు కేకలేశారు. ఎర్రజెండా వాడు ఎంత ఊపినా బండి ఆగలేదు. రిలీఫ్ దొరికాక ఇంజనుకి ఇంకేం పని ఉంది అక్కడ? ఆయన కేకలు కొంతసేపటికి బొగ్గు గీకే చప్పుడులో కలిసిపోయాయి. జనం బట్టల మీది మసి దులుపుకుని పులిహోర దగ్గరికి వెళ్ళారు.

అప్పాజీ నేలమీద నిలబడలేక తూలాడు. సూర్యకళ పట్టుకుంది. ఆయన ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు.

"చిన్నమ్మాయీ, ఇంత నలిగిపోయావేంటే?"

ఇన్నాళ్ళూ ఊరందరినీ తిట్టిన మనిషి మెల్లిగా చెప్పింది.

"నేను నీ మనవరాల్ని తాతా. మామ్మ లేదు. పోయిన కార్తీకం దాకా నీకోసం ఎదురుచూసింది."

"నిన్నటిదాకా అన్నం వచ్చిందిగా?"

"నేను విసిరాను."

ఆయన తన అరచేతుల బొబ్బల వంక చూసుకున్నాడు. నీలహంస అప్పటికే మామిడితోటల మలుపు దగ్గరికి చేరింది. అన్నేళ్ళు పల్లెత్తు మాట అనకుండా బొగ్గు వేసినవాడు, వంగి గట్టుమీది కంకరరాయి ఒకటి తీసి, "నా పెళ్ళాన్నివ్వండ్రా!" అని గుండె పగిలేలా అరుస్తూ బండి మీదికి విసిరాడు.

రాయి సగం దూరం కూడా వెళ్ళలేదు. సూర్యకళ ఇంకో రాయి ఏరి ఆయన చేతిలో పెట్టింది.