మేక చెప్పాల్సిన మాట

లిదియా కుండలో కుడితి కలిపి రెండోసారి కూడా మేక ముందు పెట్టింది. పక్కన గుప్పెడు తుమ్మకాయలు పోసింది. రోజూ పెట్టేదానికంటే ఎక్కువే. ఇవాళ మేక మనసు బాగుండాలి. ధర్మసాగర్‌లో చెల్లెలు విమలకు నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే బండివాడు చెప్పి పోయాడు. తల్లి లేని పిల్ల, తొలి కాన్పు. లిదియా పోవాలి. పోవాలంటే బావగారు సరేననాలి.

బావగారు కృపానందం, ఆమె భర్త దావీదు ఒకే మగ్గం మీద నేలన పరిచే జంఖానాలు నేస్తారు. వెడల్పాటి మగ్గం. ఒకరిది కుడిసగం, ఒకరిది ఎడమసగం. వెలుతురు వచ్చే కిటికీ వైపు ఎవరు కూర్చోవాలన్న పేచీతో అన్నదమ్ములిద్దరూ ఈస్టరు నాడు మాటలు మానేశారు. మరి పని ఎట్లా సాగుతుంది? అలిగినవాళ్లు గోడకో పిల్లికో చెప్పి ఎదుటివాళ్లకు వినిపించడం అందరి ఇళ్లలో ఉన్నదే. వీళ్లు మేకకు చెప్పుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. కాని ఇద్దరూ పంతం మనుషులు. మేక అరిస్తేనే మాట చేరినట్టు, అరవకపోతే చెవిన పడినా పడనట్టే అని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ కట్టుబాటు కూడా మేక ద్వారానే కుదిరింది.

తమ్ముడి భార్య బావగారితో మాట్లాడకూడదన్నది ఆ ఇంటి ఆనవాయితీ. అందుకని లిదియా మాట మొగుడికి చెప్పాలి, మొగుడు మేకకు చెప్పాలి, మేక బావగారికి చెప్పాలి.

"ఇగో, జర చెప్పరాదు," అంది లిదియా.

దావీదు చేతిలోని దువ్వెనలాంటి పంజా కింద పెట్టి మేక వైపు తిరిగాడు. "మేకా! విమలకు నొప్పులొస్తానయట. లిదియా ధర్మసాగర్ పోతదట. అన్నను అడుగు."

మేక తుమ్మకాయ నములుతూ కళ్లు మూసుకుంది. మూరెడు దూరంలో కృపానందం తలవంచుకుని పోగులు దిగగొడుతున్నాడు.

"ఆయనకు వినబడ్డది గద!"

"వినబడుడు వేరే, చెప్పుడు వేరే. అయినా దానికి కడుపునిండ ఎవలు పెట్టమన్నరు? ఆకలైతెనే గద అది నోరు తెరిచేది!"

లిదియా గబగబా కుండ లాగేసింది. అప్పటికే అది ఖాళీ.

అంతలో కరీముద్దీన్ సాబ్ వచ్చాడు. కూతురి పెళ్లికి జంఖానా చెప్పినవాడు. మగ్గం ముందుకొచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఎడమసగం ఎర్రగా ఉంది, కుడిసగం నీలంగా ఉంది.

"ఏందయ్యా ఇది? పిల్లగానోళ్లు ఒక రంగు మీద, పిల్లోళ్లు ఒక రంగు మీద కూసోవాల్నా?"

"యుద్ధం నడుస్తాంది, కొత్తగ ఎర్రనూలు దొరుకుతలేదు సాబ్," అన్నాడు దావీదు. "నీలం ఎక్కిస్తానని నేను చెప్పిన. మేక అరవలే."

"అరవలే. గది మాత్రం నిజమే సాబ్," అన్నాడు కృపానందం.

"అరె, పక్కపక్కన కూసున్నరు. కండ్లు లేవా?"

"కండ్లున్నయి సాబ్. మాటల్లెవ్వు," అన్నాడు దావీదు.

కరీముద్దీన్ తల పట్టుకున్నాడు. ఇద్దరినీ వదిలేసి మేక ముందు గొంతుక్కూర్చున్నాడు. "మేక సాబ్, ఈ ఇంటి యజమానివి నువ్వే గద. పెండ్లి దగ్గరికొచ్చింది. జర ఒకటే రంగు నేయమను."

మేక తల ఎత్తి గట్టిగా అరిచింది.

దావీదు ఎగిరి లేచాడు. "సాబ్, నువ్వే సాక్షి! లిదియా మాట చేరింది, ఇగ సరేననాలె!"

"గది ఇందాకటి మాట సాబ్," అన్నాడు కృపానందం. "ఇప్పుడు అరిచింది నీ రంగు సంగతికి."

"ముందు చెప్పిన మాట ముందు చేరుతది!"

"పాసిపోయిన మాట చెల్లదు సాబ్!"

"సరే, మరి నా రంగేది? ఎరుపా, నీలమా?" అన్నాడు కరీముద్దీన్.

"అది మల్లొకపారి అరవాలె," అన్నారు అన్నదమ్ములు.

ముగ్గురూ మేక చుట్టూ చేరారు. ఒకరు గడ్డం నిమిరారు, ఒకరు తోక మెలిపెట్టారు. లిదియా కాసేపు చూసింది. ఆమె పోవడం గురించే ఇద్దరూ అరుచుకున్నారు. ఒక్కరూ ఆమె ముఖం వైపు చూడలేదు. చెల్లెలు ఈపాటికి ఎవరి చేయి పట్టుకుని ఉందో.

ఆమె లోపలికి వెళ్లి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. రెండు పాత చీరెలు, కొంచెం వాము మూట కట్టుకుంది. మగ్గానికీ మేకకూ నడుమ నుంచి నడుచుకుంటూ వచ్చింది.

"మేకా, యాడికి పోతాందో అడుగు!" అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే అన్నారు.

లిదియా కొంగు నెత్తిన సర్దుకుని, మేక అరిచేదాకా ఆగకుండా గడప దాటి ధర్మసాగర్ దారి పట్టింది.