కొండకి ఏడు ట్రిప్పులు

మూడు వారాలుగా ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే చాలు, బండి గొడవే. స్టేషన్ నుంచి కొండ మీది ఆసుపత్రికి రోగుల్నీ, వాళ్ళ వెంట వచ్చేవాళ్ళనీ చేరవేసే ఎనిమిది చిన్న కార్లు వాళ్ళవి. అందులో నాలుగు ముసలివైపోయి ఎక్కడ పడితే అక్కడ చతికిలబడుతున్నాయి. కొత్తవి కొనాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏం తాగే బండి కొనాలన్న దగ్గరే ఇల్లు మూడు ముక్కలైంది.

పెద్దకొడుకుది గ్యాస్ పక్షం. షెడ్డూ బుకింగులూ చూసుకునేది ఆయనే. "తెలిసిన ఇంజను, తెలిసిన మెకానిక్కు. స్టేషన్ పక్కనే బంకు. ఐదు నిమిషాల్లో నింపుకుని మళ్ళీ లైన్లో నిలబడొచ్చు" అంటాడు. సిలిండర్ పెడితే డిక్కీ నిండిపోతుంది కదా, రోగుల చక్రాల కుర్చీ ఎక్కడ పెడతారని అడిగితే మాత్రం, పైన క్యారియర్ బిగిద్దాంలే అని మాట దాటేస్తాడు. చిన్నకొడుకు హైబ్రిడ్ అన్నాడు. కాస్త పెట్రోలు, కాస్త కరెంటు. బుద్ధెరిగాక ఎవరినీ నొప్పించి ఎరగని మనిషి కనక, ఇంజన్ల విషయంలోనూ అలాగే అందర్నీ సంతోషపెట్టబోయాడు. తీరా ట్రయల్‌కి ఇవ్వడానికి షోరూములో ఆ బండి లేదని తెలిసేసరికి, బతికానురా అనుకుని పోటీ నుంచి తప్పుకున్నాడు.

ఇక మిగిలింది చిన్నకోడలు. ఆమెది బ్యాటరీ బండి. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్ళు బ్యాటరీలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేసింది. కిందటేడు ఆ ఉద్యోగం మానేసి ఇంటి వ్యాపారంలోకి వచ్చింది. "ఎక్కేటప్పుడు ఖర్చయిన దాంట్లో కొంత దిగేటప్పుడు మళ్ళీ బ్యాటరీలోకి వచ్చేస్తుంది. కొండ దారికి ఇంతకన్నా నప్పే బండి లేదు. ఒక్క ఛార్జింగుకి ఏడు ట్రిప్పులు గ్యారంటీ" అని అందరి ముందూ ఘంటాపథంగా చెప్పింది. ఏడు అన్నది ఊరికే నోటికొచ్చిన అంకె కాదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఏ బండైనా కొండకి తిరిగేది ఏడు ట్రిప్పులే. ఏడూ వస్తే బండి నెగ్గినట్టు. రాకపోతే నాలుగు బండ్లూ మధ్యాహ్నానికే వైరు తగిలించుకుని షెడ్డులో పడుకుంటాయి, రోగులు స్టేషన్ మెట్ల మీద కూర్చుంటారు. ఆ ఇంట్లో వ్యాపారం గురించి ఆమె గట్టిగా చెప్పిన మొదటి మాట కూడా అదే. అది పోతే రెండో మాట ఎవరు వింటారు?

చివరికి మామగారు కలగజేసుకున్నాడు.

"ఇలా ఎన్నాళ్ళు వాదించుకుంటారు? రెండు బండ్లూ తెప్పించండి. నేను నడుపుతా. ఒకటే దారి, ఒకటే బరువు, ఒకటే చెయ్యి. కొండ ఏం తేలిస్తే అది" అన్నాడు.

ఆ మాటకి ఎదురు లేదు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ కొండ ఎక్కి దిగుతున్న మనిషి. డ్రైవర్లందరూ ఆయన్ని చాటుగా 'పిసినారి కాలు' అంటారు. మిగతావాళ్ళు లీటరుకి పదిహేను లాగితే ఆయన పద్దెనిమిది లాగుతాడు. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలియనట్టు నటిస్తూ లోపల మురిసిపోతాడు.

పెద్దకొడుకు ఒక నియమం పెట్టాడు. ఎవరు ఏ బండి పక్షమో వాళ్ళు ఆ బండి ఎక్కకూడదు, ట్రయల్ నడుస్తున్నంతసేపూ మామగారికి సలహాలివ్వకూడదు, ఏమీ అడగకూడదు. చిన్నకోడలు సరేనంది. బరువు కోసం ఇసుక మూటలు వేశారు. అత్తగారు మాత్రం, "అన్నీ ఇసుక మూటలే ఎందుకు? ఒక మూట తీసేసి నన్ను కూర్చోబెట్టండి. నేనూ అంతే ఉంటాను, పైగా కబుర్లు కూడా చెబుతాను" అని ముందు సీటు ఆక్రమించింది. ఆవిడ బరువు మీద వాదించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గ్యాస్ బండి ఏడు ట్రిప్పులూ వేసి, ఇంకా కాస్త మిగుల్చుకుని వచ్చింది. బ్యాటరీ బండి ఐదు వేసింది. ఐదో ట్రిప్పు చివర తెర మీద ఎర్రదీపం వెలిగింది. ఛార్జింగు సరిగా ఎక్కలేదేమోనని మర్నాడు మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఐదే.

పెద్దకొడుకు ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది. "పోనీలేమ్మా, లెక్కలు కాగితం మీద ఒకలా ఉంటాయి, రోడ్డు మీద ఒకలా ఉంటాయి" అని ఓదార్చి, షోరూము మనిషికి ఫోన్ చేశాడు. రేపు సాయంత్రం నాలుగింటికి వస్తే గ్యాస్ బండ్ల ఆర్డరు మీద సంతకం పెడతానన్నాడు.

ఆ రేపు రానే వచ్చింది. పొద్దుట్నించీ చిన్నకోడలు కాలు గాలిన పిల్లిలా ఇంట్లోకీ షెడ్డులోకీ తిరుగుతోంది. లెక్క నాలుగుసార్లు వేసుకుంది. నాలుగుసార్లూ ఏడే వచ్చింది. ఆమెని తొలిచేస్తున్నది లెక్క ఒక్కటే కాదు. నిన్న సాయంత్రం బండి షెడ్డులోకి వచ్చినప్పుడు ముందు చక్రాల దగ్గర బ్రేకులు కాలిన వాసన వచ్చింది. బ్యాటరీ బండి కాలు తీస్తే చాలు, దానంతటదే నెమ్మదిస్తుంది. బ్రేకుతో పని తక్కువ. మరి ఆ వాసనేమిటి? మామగారు కావాలని బ్రేకు తొక్కుతూ నడిపాడా? పెద్దకొడుకు మాట నెగ్గించాలనా? లేక కోడలు ఉద్యోగం మానేసి వచ్చి వ్యాపారంలో వేలు పెట్టడం ఆయనకి మొదట్నించీ నచ్చలేదా?

అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ అనుమానం మాత్రం వదల్లేదు. మొగుడితో చెబితే, "నాన్న అలాంటివాడు కాదే" అంటాడు. ఆ తర్వాత అన్నయ్య కూడా అలాంటివాడు కాదంటాడు. ఆయనతో చెప్పి లాభం లేదని ఊరుకుంది.

మధ్యాహ్నం రెండవుతుండగా అత్తగారు దండెం మీది బట్టలు తెచ్చి మంచం మీద పోసింది. కోడలు కూడా కూర్చుని మడతపెట్టడం మొదలుపెట్టింది.

"అంత దిగులెందుకే? నీ బండి బంగారం లాంటిది. చప్పుడు లేదు, కుదుపు లేదు. మీ మామయ్య చెవిలో నేను చెప్పిన ప్రతి మాటా పడింది. ముప్ఫై అయిదేళ్ళలో ఇదే మొదటిసారి" అంది అత్తగారు.

కోడలికి నవ్వు రాలేదు. "మామయ్యగారు ఎలా నడిపారత్తయ్యా?" అని అడిగింది. ట్రయల్ అయిపోయింది కనక అడిగితే నియమం తప్పినట్టు కాదని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"ఎలా నడుపుతాడు, ఎప్పటిలాగే. దిగుడు రాగానే న్యూట్రల్ చేసేస్తాడుగా, ఆయన విద్యంతా అదే. బండి దానంతటదే దొర్లుకుంటూ పోతుంది. నీ బండిలో అయితే మరీను. పాత బండ్లలో పెద్ద దిగుడు దగ్గరే వేసేవాడు. దీంట్లో ఎక్కేటప్పుడు కూడా కాస్త పల్లం కనిపిస్తే చాలు, చెయ్యి ఆ గేరు పుల్ల మీదే. పక్కన కూర్చున్న నాకు గుండె దడ. ఆ బ్రేకు వాసనకి ముక్కు పుటాలు కూడా మండిపోయాయి."

కోడలి చేతిలో సగం మడత పడిన దుప్పటి అలాగే ఉండిపోయింది.

"కిందిదాకా న్యూట్రల్‌లోనే దిగారా?"

"ఆసుపత్రి గేటు దగ్గర వేస్తే మళ్ళీ స్టేషన్ దగ్గరే తియ్యడం. ఏం, తప్పా?"

దుప్పటి మంచం మీద పడేసి ఆమె షెడ్డులోకి పరిగెత్తింది. మామగారు స్టూలు మీద కూర్చుని పాత బండి అద్దం తుడుస్తున్నాడు.

"మామయ్యగారూ, ఒక్కసారి బ్యాటరీ బండిలో కొండకి వెళ్ళొద్దాం రండి. మీరే నడపాలి."

ఆయన ఆమె మొహం చూసి, ఎందుకని అడగకుండానే లేచాడు.

బయల్దేరేటప్పుడు తెర మీద ఛార్జింగు ఎనభై ఉంది. ఇసుక మూటలు ఇంకా వెనక సీట్లోనే ఉన్నాయి. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కి ఆసుపత్రి గేటు ముందు మలుపు తిరిగేసరికి అరవై మూడుకి దిగింది. దిగుడు మొదలవగానే ఆయన ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి తనంతట తనే గేరు పుల్ల మీదికి వెళ్ళింది.

"వద్దు మామయ్యగారూ. చెయ్యి తీసెయ్యండి. పుల్ల ముట్టుకోకుండా దిగండి."

"న్యూట్రల్ వెయ్యకపోతే ఎలాగమ్మా? దిగేటప్పుడు కూడా కరెంటు దండగ అవదూ?"

"అవదండీ. దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతాయి. తిప్పితే కరెంటు పుట్టి బ్యాటరీలోకి వస్తుంది. న్యూట్రల్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. బండి బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కిపోతాయి. కొండ మీద అది ప్రమాదం కూడాను."

ఆయన పుల్ల వదిలేశాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, కాలు పైకి తీశాడు. ఎవరో వెనక నుంచి మెల్లగా పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. మొదటి మలుపు దాటేసరికి అరవై మూడు కాస్తా అరవై నాలుగయింది. ఆయన రోడ్డు చూస్తూ, మధ్య మధ్య తెర వైపు చూపు దొంగిలిస్తూ దిగాడు. స్టేషన్ దగ్గరికొచ్చేసరికి అరవై ఏడు.

బండి పక్కకి ఆపి ఆయన ఆ అంకె మీద వేలు పెట్టాడు.

"అంటే ఆ రెండు ట్రిప్పులూ నేనే మింగేశానన్నమాట."

"మీకు తెలియక..."

"తెలియకే. కాని ఇంకో సంగతి చెప్పాలి నీకు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "పెద్దాడి బండిలో మామూలుగానే నడిపాను. నీ బండిలోనే ఎక్కువ చేశాను. పక్షపాతమే అది, ఒప్పుకోవాలి. నువ్వు అందరి ముందూ ఏడు అనేశావు. వీళ్ళ ముందు నీ మాట పోకూడదనుకున్నాను. నాకు తెలిసిన విద్యంతా ఒడ్డి, కాస్త పల్లం కనిపించిన చోటల్లా న్యూట్రల్ వేశాను. మొదటి రోజు ఐదే వస్తే, రెండో రోజు ఇంకా పిసినారిగా నడిపాను. ఆ పుల్ల లాగీ లాగీ ఇదిగో, అరచెయ్యి కూడా వాచింది." ఎడమ అరచెయ్యి తిప్పి చూపించాడు.

చిన్నకోడలికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఏడు వస్తుందని తేలినందుకు కాదు. ఈ మనిషి తనకి ఎదురు నిలబడలేదని, పైగా ఉన్న విద్యంతా తన కోసమే ధారపోసి తనని నిలువునా ముంచాడని తెలిసినందుకు. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"మీరు కావాలనే నా బండిని ఓడిస్తున్నారేమో అనుకున్నాను మామయ్యగారూ" అంది. దాచుకుంటే అది జన్మంతా కుళ్ళబెడుతుందని ఆమెకి తెలుసు.

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత మెల్లగా తలూపాడు. "నేనూ నీ స్థానంలో ఉంటే అదే అనుకునేవాణ్ణి. అడగొద్దని రూలు పెట్టి కూర్చున్నాం కదా. అడిగుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది" అన్నాడు.

వాళ్ళు షెడ్డుకి వచ్చేసరికి షోరూము మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దకొడుకు కలం మూత తీసి పట్టుకున్నాడు. మామగారు దిగుతూనే చెప్పేశాడు. తన న్యూట్రల్ సంగతీ, కోడలి మీది పక్షపాతం సంగతీ, అరవై మూడు అరవై ఏడయిన సంగతీ, ఒక్కటీ దాచలేదు. ముప్ఫై అయిదేళ్ళ విద్య ఈ బండికి పనికిరాదని పరాయివాడి ముందు ఒప్పుకోవడం ఆ మనిషికి తల కొట్టేసినంత పని. అయినా గొంతు తొణకలేదు.

పెద్దకొడుకు కాసేపు కలాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"చక్రాల కుర్చీ ఎక్కడ పెట్టాలో నాకూ రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు. క్యారియర్ మీదికి ఎక్కించే డ్రైవరు ఒక్కడూ దొరకలేదు" అన్నాడు చివరికి. కలానికి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. షోరూము మనిషిని ఇంకో రెండు రోజులు ఆగమన్నాడు. "రేపు మళ్ళీ తిప్పుదాం నాన్నా. ఈసారి చెయ్యి ఇంట్లో వదిలేసి రండి."

మర్నాడు పొద్దున్నే బండి షెడ్డు బయట నిలబడింది. అత్తగారు ముందు సీట్లో కూర్చుని, తన చేతిసంచీని గేరు పుల్ల మీద బోర్లించింది. ఈయన చెయ్యి ఇటు వస్తే ఒక్కటిస్తానని అందరికీ చెప్పి మరీ కూర్చుంది. చిన్నకోడలు ఎప్పటిలాగే నియమం ప్రకారం నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది.

పెద్దకొడుకు వెనక తలుపు తీసి, లోపలి ఇసుక మూటల్లో రెండింటిని కిందికి లాగేశాడు.

"ఎక్కమ్మా. అడగాల్సినవి దార్లోనే అడుగు" అన్నాడు.

ఏడో ట్రిప్పు ముగించుకుని సాయంత్రం షెడ్డులోకి వచ్చేసరికి తెర మీద ఇంకా తొమ్మిది ఉంది. మామగారి ఎడమ చేతి మీద మాత్రం పదకొండు దెబ్బలు పడ్డాయి. లెక్క పెట్టింది వెనక సీట్లో కూర్చున్న చిన్నకోడలే.