ఓటిస్ ప్రూయిట్ చిరునామా

ముందు కాలరు, తర్వాత భుజాలు, చివర చేతులు. జైలు లాండ్రీలో ముప్పై ఏళ్ళుగా ఓటిస్ ప్రూయిట్ ఆ ఇస్త్రీ వరుస మార్చలేదు. ఆవిరి యంత్రం మూత దించి, పదిదాకా లెక్కపెట్టి, ఎత్తాడు. బూడిదరంగు చొక్కా పలకలా వచ్చింది. విడుదల చెయ్యాలో వద్దో తేల్చే పెరోల్ బోర్డు ముందుకు వెళ్ళే ఖైదీకి ఆ ఉదయం చొక్కా ఇస్త్రీ చేసివ్వాలని ఏ నిబంధనలోనూ లేదు. ఓటిస్ పెట్టిన ఆచారం అది. బోర్డువాళ్ళు చొక్కా చూస్తారని కాదు. వెళ్ళేవాడు కాస్త నిటారుగా నడుస్తాడని.

ఆయనకు డెబ్బై ఒకటి. సన్నటి మనిషి. ముంజేతుల నిండా ఆవిరి కాల్చిన మచ్చలు; పాతవి తెల్లబడ్డాయి, కొత్తవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎడమ చెవి వినపడదు. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి అటు తిప్పి కళ్ళు చికిలిస్తాడు. చూసేవాళ్ళకు ఏ మాటా నమ్మనివాడిలా కనిపిస్తాడు.

"నాలుగింటికేగా నీ గడువు, పెద్దాయనా?" అన్నాడు తడి దుప్పట్లు పిండుతున్న టీగ్. "ఇల్లు దొరక్కపోతే నా మంచం కింద పడుకుందువుగానిలే. అద్దె వద్దు."

"నీ గురక వినడం కంటే ఇంకో మూడేళ్ళు శిక్షే నయం," అన్నాడు ఓటిస్.

ఆ మూడేళ్ళు వేళాకోళం కాదు. ఆరుసార్లు బోర్డు ఆయనను కాదంది. ఆరుసార్లూ ఒకటే కారణం రాసింది: నేరం తీవ్రమైనది. జరిగిపోయిన నేరం ఏళ్ళు గడిస్తే తేలికవుతుందా? ఏడోసారి, ఈ ఏప్రిల్లో, ఎందుకో సరేనంది. కాని ఒక షరతు: ఉండబోయే ఇల్లు చూపించాలి, అధికారి వెళ్ళి చూసి ఒప్పుకోవాలి. ఓటిస్ తనకు తెలిసిన ఒకే ఒక్క చిరునామా రాశాడు. అధికారి వెళ్ళి చూస్తే అక్కడ టైర్ల కొట్టుంది. ఈ సాయంత్రం నాలుగులోపు మరో చిరునామా ఇవ్వకపోతే కాగితాలు బోర్డుకు తిరిగి వెళ్తాయి. మళ్ళీ విచారణ మూడేళ్ళకు.

ఇల్లు పడగొట్టారంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. పసుపురంగు ఇల్లు. వరండా మెట్లలో మూడోది కిర్రుమనేది. పెరట్లో పీచ్ చెట్టు. సాయంత్రాలు భార్య లోరీన్ బెండకాయలు వేయిస్తూ రేడియోలో బేస్‌బాల్ వినేది. తన జట్టు ఓడిపోతే ఆ రాత్రి ఓటిస్‌తో కూడా మాట్లాడేది కాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా జైల్లో ఆయన పడుకునేముందు మనసులో ఆ మెట్లెక్కుతూనే ఉన్నాడు.

ఆ వరండాలోంచే పట్టుకెళ్ళారు. అంతకుముందు పెదనాన్న కొడుకు డెల్బర్ట్ తుపాకీతో దాణా కొట్టు దోచుకోడానికి లోపలికి వెళ్ళాడు. ఓటిస్ బయట ట్రక్కులో, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. లోపల డెల్బర్ట్ కాల్చిన తూటాకు ముసలి యజమాని చచ్చిపోయాడు. బండి నడిపినవాడూ హంతకుడే అంటుంది చట్టం. మాట్లాడకుండా ఉండే హక్కు నీకుంది అని పోలీసు డిప్యూటీ కార్డు చూసి చదివాడు. ఓటిస్ ఆ హక్కును నిజమనుకున్నాడు. మరో గదిలో డెల్బర్ట్ మాట్లాడాడు. ముందు మాట్లాడినవాడికి పదేళ్ళు, మాట్లాడనివాడికి యావజ్జీవం. ప్రభుత్వం ఇచ్చిన వకీలు ఓటిస్ పేరు రెండుసార్లు తప్పు పలికాడు. జ్యూరీ భోజనంతో కలిపి రెండు గంటల్లో తేల్చేసింది. డెల్బర్ట్ ఏడో ఏట బయటికొచ్చి పడవలు అమ్ముకున్నాడు.

రెండింటికి మిస్ హేగెన్ పిలిపించింది. ఖైదీల విడుదల కాగితాలు చూసే మనిషి.

"ఇంకెవరూ లేరా, ప్రూయిట్ గారూ?"

"నా భార్య చెల్లెలు వెర్నా ఉందండి. ఒప్పుకోదు."

"అడిగారా?"

"లేదు."

ఆమె నంబరు నొక్కి ఫోను ఆయన కుడి చెవికి అందించింది.

"నేను, వెర్నా. ఓటిస్‌ని."

"జైలు నుంచని ఫోన్లో రికార్డు గొంతు ముందే చెప్పిందిలే. బతికే ఉన్నావన్నమాట."

"ఉన్నాను."

"మా అక్కే లేదు."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? ముప్పై రెండేళ్ళు ప్రతి ఆదివారం బస్సెక్కింది, మోకాళ్ళు అరిగిపోయేదాకా. కాల్చింది నేను కాదు, వాడే అని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది? నోట్లో రాయి పెట్టుకున్నావా?"

ఓటిస్ ఫోను కుడి చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.

"అదిగో. ఇప్పటికీ అంతే. పెట్టేస్తున్నా."

మిస్ హేగెన్ కిటికీవైపు చూస్తోంది. ఓటిస్ ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"పెట్టకు," అన్నాడు. "నాకు చోటు లేదు, వెర్నా. నన్ను ఉండనీ."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"వెనక గదుంది," అంది చివరికి. "చలికాలం మంచు పెట్టెలా ఉంటుంది. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."

"అనుకోను."

"కుక్కుంది. దానికి నువ్వు నచ్చకపోతే నేనేం చెయ్యలేను."

"బతిమాలుకుంటాలే."

"ఆహా. మాటలొచ్చాయే! అక్క సమాధి దగ్గరికి నీ అంతట నువ్వెళ్ళకు. నేను తీసుకెళ్ళినప్పుడే వద్దువుగాని."

ఆమె చెప్పిన చిరునామాను ఓటిస్ కాగితం మీద రాశాడు.  వీధి పేరు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. మిస్ హేగెన్ గడియారం చూసి ముద్ర వేసింది. ఆయన లాండ్రీకి తిరిగి వెళ్ళి మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేశాడు.

అధికారి వెనక గది చూసి సంతకం పెట్టడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఇరవయ్యో రోజు ఉదయం ఓటిస్ వెళ్ళిపోయాడు. వారం వారం అధికారి దగ్గర హాజరు వేయించుకోవాలి, కౌంటీ పొలిమేర దాటకూడదు, అలా చచ్చేదాకా. గేటు బయట వెర్నా కారు దిగలేదు. లోపలినుంచే చెయ్యి చాపి తలుపు తీసింది. టీగ్ లాండ్రీ కిటికీ దగ్గర నిలబడి, కారు వంపు తిరిగేదాకా చూశాడు.

మధ్యాహ్నం ఓటిస్ మంచం దుప్పటి తీయడానికి టీగే వెళ్ళాడు. ఖైదీల్లో ఒక నమ్మకముంది: వెళ్ళేవాడు ఇక్కడి బూట్లు వేసుకెళ్ళకూడదు, ఉండేవాడు వాటిని తొడుక్కోకూడదు. ఓటిస్ బూట్లు మంచం కింద, మూతులు గోడవైపు తిప్పి, జంటగా ఉన్నాయి. తాళ్ళు విప్పి లోపలికి మడిచి ఉన్నాయి, మడమలు నొక్కిన గుంటలు ఇంకా లోతుగానే ఉన్నాయి.