పెళ్లి రాసిన పుట

మా ఓరిన్ చిన్నాన్న పిలవకుండా వచ్చి కట్టెలు కొట్టిపెట్టిన పొద్దునే అమ్మకు అనుమానం మొదలైంది. నాన్న పోయి పదకొండేళ్లు. అన్నేళ్లలో ఆయన గొడ్డలి మా వాకిలి దాకా రాలేదు. ఇంగ్లండుతో జరిగిన పాత యుద్ధంలో పనిచేసిన సిపాయిలకు, వాళ్లు పోతే వాళ్ల భార్యలకు నూట అరవై ఎకరాలు ఇస్తున్నారని ఆ వారమే ఒహాయో అంతా తెలిసింది.

అమ్మ వెన్న చిలుకుతూనే ఉంది. చిన్నాన్న బల్లమీద ఆ భూమి దరఖాస్తు కాగితం పరిచాడు.

"ఇక్కడ సంతకం పెట్టు వదినా. వెనకవైపు కూడా."

"వెనక ఏమీ రాసి లేదుగా?"

"అందుకే పెట్టమంటున్నా. తర్వాత నింపుకుంటాం."

"ఎవరు నింపుకుంటారు?"

ఆయన నవ్వాడు. "ఆడదానివి, నీకెందుకీ తంటా? పెళ్లికి రుజువు కావాలట. బైబిల్లో ఆ పుట చించి ఇవ్వు, నేను పంపిస్తా."

మేం పెళ్లిళ్లూ పుట్టుకలూ ఇంటి బైబిల్లోనే రాసుకుంటాం. మా పుటలో నాన్నకూ అమ్మ థర్జాకూ పెళ్లి సెప్టెంబరులో ఉంది. దాని కిందే, ఆ వెంటనే వచ్చిన జనవరిలో నా పుట్టుక.

చిన్నాన్న గొంతు తగ్గించాడు. "నువ్వే కచేరీకి తీసుకెళ్తే నలుగురూ చదువుతారు. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి నీకెప్పటినుంచి గుర్తుకొస్తోంది, ఓరిన్?"

ఆయన వెళ్లాక కూడా అమ్మ కవ్వం ఆపలేదు. యుద్ధంలో చెడిన నాన్న కాలికి ముప్పై ఏళ్లు కట్లు కట్టింది తను. మంచాన పడ్డ అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టింది తను. అయినా ఆ అత్తగారు ఏ తగువొచ్చినా "తొందరపడ్డదానివి" అనేది. కొడుకును ఒక్కసారీ అనలేదు. ఆ ఒక్క మాటకు జడిసి అమ్మ నలభై ఏళ్లు ఆ పుట ఎవరికీ చూపించలేదు. ఆ భయం ఎంత ధర పలుకుతుందో ఓరిన్‌కు తెలుసు. తనకే ఇన్నాళ్లూ తెలియలేదు.

మర్నాడు అమ్మ పుట చించలేదు. పుస్తకమే చంకన పెట్టుకుని, పెళ్లి చూసిన ఇద్దరు ముసలివాళ్లను సాక్ష్యానికి పిలుచుకుని కచేరీకి వెళ్లింది. బండి తోలింది నేనే.

మేజిస్ట్రేటు పుట చదివాడు. బల్లకింద వేళ్లు మడిచాడు. నావైపు చూశాడు. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు దగ్గారు. నేను తల దించుకున్నాను. అమ్మ దించలేదు.

"నెలలు లెక్కపెట్టడం అయిందా అయ్యా?" అంది. "అయితే ఎకరాలు రాయండి. థర్జా పేరున."