ఎండ లేని వాకిలి

కొత్త సంవత్సరం పండక్కి నాంజింగ్‌లోని పిన్ని ఇంటికి వచ్చిన పెయ్ నింగ్‌కు ఆవిడ బస్టాపు దగ్గరే కనిపించింది. రోడ్డు పక్క రెయిలింగు మీద దూది బొంత ఆరేసి, కాపలా కూర్చుంది. ఎండ వాసన లేని బొంతలో అతనికి చిన్నప్పటి నుంచీ నిద్ర పట్టదని ఆవిడకు తెలుసు.

వాకిట్లో ఆరేద్దామంటే ఇప్పుడక్కడ ఎండే రాదు. ఎదురుగా ముప్ఫై అంతస్తుల టవరు లేచింది. దాని ప్లాను గీసింది నింగే. పాత ఇళ్ళ కిటికీలకు చలికాలంలో రెండు గంటల ఎండ దక్కాలన్నది నిబంధన. మహా బుద్ధిమంతుడు, సరిగ్గా దక్కేలా గీశాడు. బొంతలు ఆరేసుకునే వాకిలి ఊసు నిబంధనలో లేదు, ఆ వాకిట్లోనే పెరిగిన అతనికీ గుర్తు రాలేదు. ఆ టవరు గీసింది తనేనని పిన్నితో చెప్పడానికి నోరూ రాలేదు.

పక్కనే తన బొంత తిరగేస్తున్న పొరుగావిడ టవరు వైపు చెయ్యి చూపింది. "ఏ దరిద్రుడు గీశాడో గానీ, వాడి చేతులు పడిపోను!"

"పడిపోవాల్సిందే!" అంది పిన్ని, ఆవిడకంటే గట్టిగా.

నింగ్ తల దించుకున్నాడు.

పొరుగావిడ వెళ్ళాక పిన్ని బొంత మడిచి అతని చేతుల్లో పెట్టింది. అది వెచ్చగా ఉంది.

"మనసులో పెట్టుకోకురా. నేను తిట్టకపోతే వాళ్ళకి అనుమానం వస్తుంది."

"పిన్నీ..."

"టవరు కట్టేటప్పుడు గేటు దగ్గర ప్లాను గీసినవాళ్ళ పేర్లతో బోర్డు పెట్టారుగా. నీ పేరు మీద ఆ రోజే తారు పూసొచ్చాను."