విత్తనం గంప

మామయ్యను కాటికి సాగనంపి వచ్చిన ఆ మధ్యాహ్నం పొయ్యి ముట్టించే ఓపిక మాకెవరికీ లేదు. వచ్చినవాళ్లకు వండిపెట్టే పని పక్కింటి పిన్ని నెత్తిన వేసుకుంది. ఆవిడ మనసు వెన్న, కాదనను. ఒక్క మాట అడిగి చేస్తే ఆవిడ సొమ్మేం పోయేది?

"మంచం కింద గంపలో ఎంత చక్కటి దుంపలే! ఒక్క మచ్చ లేదు. అన్నీ ఉడకేసేశాను," అంది గరిటె పట్టుకుని.

అవి విత్తనం దుంపలు.

తవ్వేటప్పుడే ఏ మొక్క బాగా ఊరిందో చూసి, దాని దుంపల్లో మేలైనవి ఏరి మామయ్య విత్తనానికి దాచేవారు. ఇంట్లో తినడానికి పార తగిలి తెగినవి, గోలీలంత పిల్లవి. కాపురానికొచ్చిన కొత్తలో, "దుంపలు పండించే ఇంట్లో ఇదేం కరువు?" అని నిలదీశాను. "తిన్నది ఇవాళ్టికే, నాటింది ఏటేటికీ," అన్నారు. ఆ ఎర్రతోలు రకం వాళ్ల తాతల నాటిది. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఆ గంపతో రకమే పోయింది.

పిన్నిని చెడామడా తిట్టాను. చావింట్లో గొంతు లేపకూడదని తెలుసు, అయినా లేచింది. "అయ్యో, నా చేతులు పడిపోనూ!" అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన మంచం కింద దూరి వెతికాడు. ఒక్కటీ లేదు. గంగాళం ముందు కూలబడి, ఏదైనా పచ్చిగా మిగిలిందేమోనని ఒక్కో దుంపనూ వేలితో నొక్కి చూశాడు. అన్నీ మెత్తగా ఉడికిపోయాయి. పొద్దుటినుంచీ కన్నీటి చుక్క రాల్చని మనిషి అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

గోల విని అత్తయ్య వచ్చింది. జరిగింది చెప్పాను. పిన్నిని పల్లెత్తు మాట అనలేదు. ఒక దుంప తీసి, తొక్క ఒలిచి, నోట్లో పెట్టుకుంది. నమలుతూ నమలుతూ ఆగిపోయింది.

"ఇంత బాగుంటాయా ఇవి!" అంది. "ఇన్నేళ్లు కాపురం చేశాను. ఒక్కనాడూ నోట పెట్టనివ్వలేదురా మీ నాన్న."

ఆ గొంతులో కోపం ఎంతో, బెంగ ఎంతో నాకు తెలియలేదు. కళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. ఇంకొకటి ఒలిచి కొడుకు చేతిలో పెట్టింది.

"తిను నాన్నా. ఇక వద్దనడానికి ఆయన లేడుగా."