గిన్నెకి అంటిన తోడు

పొద్దున్నే లేచి చూస్తే మా కాలనీ పెరుగు గిన్నెలో ఉంది. ఆకాశం ఉండాల్సిన చోట స్టీలు మూత. పాలు రావడం మానేశాయి కాబట్టి ఇళ్లు ఒక్కో గదీ తగ్గిపోతున్నాయి. మాకు ఇప్పుడు వంటగది లేదు. వండుకోవడానికీ ఏమీ లేదు గనుక మా వకుళక్క దాన్ని పట్టించుకోదు.

పక్కింటి భూషణం గారు గోడ మీంచి తల పెడతారు. ఆయన ఒంట్లోంచి పులుపు ఊరుతోంది.

"ఇది కాస్త మీ వైపు కారుతుందమ్మా, ఏవనుకోకండి. మీరు పోతే మాకు నాలుగు రోజులు గడుస్తుంది."

"అయ్యో, దాందేముందండీ బాబాయిగారూ," అంటుంది అక్క. మా ఇంట్లో మర్యాద ఇంకా అయిపోలేదు.

పులుపు తగిలిన చోట గోడ నురగలు కక్కుతోంది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. భూషణం గారి బావమరిది అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే కరిగిపోయి ఆ సామెతను నిలబెడతాడు. ఇంటిల్లిపాదీ అతన్ని గ్లాసుల్లో పోసుకుని తాగుతారు. మంచి మనిషి, అందరికీ సరిపోతాడు.

నేను అక్క మోకాలి ఎత్తుకి తగ్గిపోయాను. ఆకలికి మొదట నా కోపం పోయింది, తర్వాత పేరు పోయింది.

"గింజైపోవే," అంటుంది అక్క. "గట్టి పెంకు కట్టుకుని పడుకో. పాలొచ్చాక లేద్దువుగాని."

"పెంకుకి సరుకెక్కడిదే?"

"నేను తోడుంటాగా."

పక్కన కూర్చుంటుందనుకుంటాను. హాయిగా కళ్లు మూసుకుంటాను. ఏ తోడే అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

అక్క నా చుట్టూ చేతులు వేస్తుంది. చేతులు రెండూ అతుకు కనబడకుండా కలిసిపోతాయి. తర్వాత చీర, వీపు, నవ్వు. లోపలి నుంచి తడిమితే ఆమె ముఖం ఉన్నచోట నున్నగా, గట్టిగా ఉంది. భూషణం గారి పులుపు బయట కొట్టుకుని వెనక్కి పోతుంది. "అక్కా," అంటాను. పెంకు కొద్దిగా బిగుస్తుంది.

మూత లేస్తుంది.

"ఎండిపోయింది అత్తయ్యా. దీన్లో ఇంకా తోడుంటుందంటారా?" అని పైన ఒక గొంతు.

"ఎందుకుండదూ? గిన్నెకంటింది చాలు. పాలు పొయ్యమ్మా."

గోరువెచ్చటి పాలు వీధంతా నిండుతాయి. లేవాలంటే పెంకు పగలగొట్టాలి. నేను వద్దనుకుంటాను, నిజంగానే వద్దనుకుంటాను. కానీ నా నోరు నన్నడగదు. అక్క వీపు నిలువునా చీల్చుకుని నేను బయటపడతాను. ఆ చప్పుడుకి ఏడుపొస్తుంది. ఏడుస్తూనే తాగుతాను.

కడుపు నిండగానే ఇద్దరినవుతాను, తర్వాత నలుగురిని. ఇళ్లకి గదులు తిరిగొస్తున్నాయి. భూషణం గారింట్లో కూడా ఇప్పుడు నేనే కాపురం ఉంటున్నాను. ప్రతి గుమ్మంలోనూ నా ముఖమే. అక్క పోలిక ఒక్కదానికీ రాలేదు.

"అక్కేదే?" అని వాళ్లలో ఒకత్తె అడుగుతుంది. వీధి వీధంతా నా వైపు తిరిగి అదే అడుగుతుంది. చెబుదామని నోరు తెరుస్తాను. అప్పటికే పాలు తోడుకుంటున్నాయి, మెడదాకా తెల్లగా గట్టిపడిపోయాం.

గరిటె దిగి కాలనీని మధ్యకి కోస్తుంది. సగం వీధి, గుమ్మాలతో సహా, వణుకుతూ పైకి లేస్తుంది. తెరుచుకున్న నోళ్లతో వాళ్లు నన్నింకా అడుగుతూనే ఉన్నారు.